రాబర్టు బర్న్సు: పాటకు వెల గట్టని కవి

స్కాట్లండు ప్రజల నాలుకలపై నేటికిని నిలిచియున్న కవి రాబర్టు బర్న్సు. అతడు 1759 జనవరి 25వ తేదీన ఎయిర్ సీమయందలి అల్లోవే గ్రామమున మట్టిగోడల యింట జన్మించెను. తండ్రి కౌలుదారు. భూమి నిస్సారము, మక్తా హెచ్చు. పదునైదేండ్లు నిండునప్పటికే కుమారుడు పెద్దల పని నెత్తిన వేసికొనవలసి వచ్చెను. భూస్వామితో వివాదము న్యాయస్థానమున కెక్కినది. గెలిచిన కొలది వారములకే 1784లో ఆ వృద్ధుడు కన్నుమూసెను. భూస్వాములయెడ బర్న్సు పాటలలోని పరుషత్వమునకు మూల మిదియే.

పేదరికమునకు తాళలేక, 1786లో జమైకా తోటలకు గుమాస్తాగా పోవ నిశ్చయించెను. ఆ తోటలు బానిసల చెమటతో నడచునవి. మానవ సమత్వమును గానము చేయనున్న యీతడు అట్టి కొలువున కియ్యకొనుట యేవిధమునను సమర్థనీయము గాదు. ఆ యేడే జూలైలో కిల్మార్నాకున 612 ప్రతులుగా అచ్చయిన కావ్యసంపుట మాతని ప్రయాణము నాపెను.

ఎడింబరో పెద్దలాతనిని నాగలి పట్టిన కవియని వింతగా జూచి సత్కరించిరి. ఆ సత్కారముకంటె జేమ్సు జాన్సను అను పనివాని స్నేహమే మేలు చేసినది. స్వరములను లోహపు పలకలపై జెక్కి దేశపు పాటల నచ్చొత్తుట జాన్సను పని. ఆరు సంపుటములలో వెలువడిన 600 పాటలలో ఇంచుమించు మూడవ వంతు బర్న్సు చేతిమీదుగా వచ్చినవే. ముందు మట్టు వశమగువరకు కూనిరాగము తీయును. పిమ్మటనే మాట పొదుగును. పాత పల్లవి దొరకిన దానికి క్రొత్త చరణములు గట్టును. దీనికి దమ్మిడీయైన పుచ్చుకొనలేదు. జార్జి టాంసనను మఱియొక ప్రకాశకుడు 1793లో 5 పౌనులు పంపగా, మఱల నిట్లు చేసినచో స్నేహము చెల్లునని కోపించెను.

జీవనమునకు మాత్రము 1789 నుండి సుంకపు శాఖ కొలువు; జీతము సాలునకు 50 పౌనులు. ఫ్రెంచి విప్లవముపై అభిమానము చూపుచున్నాడని 1792 చివర పై యధికారులు విచారణ జరిపిరి. అతడు రాజభక్తుడనని విన్నవించుకొని కొలువు నిలుపుకొనెను. 1793 ఆగస్టులో సంస్కరణవాది తామసు మ్యూరునకు 14 సంవత్సరముల ద్వీపాంతరవాసము విధింపబడెను. ఆ దినములలోనే బర్న్సు, 1314 నాటి బానక్‌బర్ను రణరంగమున బ్రూసు రాజు సేనను పురికొల్పినట్లు ఒక గీతము రచించెను. ప్రాతకథ చాటున నున్నది తన కాలమే. అది మఱుసటి యేడు లండను పత్రికలో పేరు లేకయే వెలువడినది. బిరుదులకన్న గుణమే మిన్నయను ప్రసిద్ధగీతము 1795లో గ్లాస్గోలో అట్లే పేరు లేక అచ్చయ్యెను. ఆ యేడే అతడు ప్రభుత్వపక్షపు స్వచ్ఛందదళమున జేరెను! పిఱికితన మందురు కొందఱు. ఇంటినిండ బిడ్డలుగలవానిని అంత తేలికగా దూషింప మనసొప్పదు. కొలువు కొఱకు తలవంచినను అతడు పాట మానలేదు.

1796 జూలై 12న, మంచముపట్టిన బర్న్సు, బట్టల వర్తకుని బాకీకై చెఱ తప్పదని బెదరి, ఆ టాంసనునే 5 పౌనులు యాచించెను. సొమ్ము వచ్చినది. 21వ తేదీన, 37వ యేట, ప్రాణము పోయినది. 25న సైనికమర్యాదలతో ఖననము జరుగుచుండగా భార్య యింట మగశిశువును గనెను.

1999 జూలై 1న, స్కాట్లండు శాసనసభను బ్రిటిషు రాణి ప్రారంభించిన వేళ, ఆ పేరు లేక అచ్చయిన 1795 నాటి పాటనే సభలో పాడిరి. తుదిచరణమున సభ్యులును గొంతు కలిపిరి.