రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ - సాలెపురుగుల శాస్త్రజ్ఞుడు

గోదావరీ తీరమందలి పెంకుటిండ్లలో గాని తాటాకు పాకలలో గాని సాలెపురుగు లేని యిల్లు కానరాదు. పండుగ రాకకు ముందు బూజుకర్ర చేతబట్టి దూలములను, వాసములను దులుపుట మన యిండ్లలో వాడుక. అట్లు దులిపిన బూజంతయు మన కంటికి ఒక్కటే. నిజమునకది పలుజాతుల జీవులు పలురీతుల నల్లిన పని. మన దేశపు సాలెపురుగులను జాతులవారీగా విభజించి గ్రంథస్థము గావించిన వారిలో ముఖ్యుడైన రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

పోకాక్ ఇంగ్లండు దేశమందు బ్రిస్టల్ పట్టణముననున్న క్లిఫ్టనులో 1863వ సంవత్సరము మార్చి 4వ తేదీన జన్మించెను. తండ్రి నికొలాస్ పోకాక్ క్రైస్తవ గురువు, చరిత్ర పండితుడు. ఆక్స్‌ఫర్డులోని సెయింట్ ఎడ్వర్డు పాఠశాలలో చదువుచున్న కాలముననే బాలునకు ప్రాణికోటిపై మక్కువ కలిగెను. ఎడ్వర్డ్ పౌల్టన్ అను శాస్త్రజ్ఞుడు అతనికి బోధించెను. అచ్చటి మ్యూజియములో జంతువుల శరీర నిర్మాణమును పరిశీలించు అవకాశము కూడ లభించెను. పిమ్మట బ్రిస్టల్ కళాశాలలో జీవశాస్త్రమును, భూగర్భశాస్త్రమును అభ్యసించి, 1885లో లండను నగరమందలి ప్రకృతిశాస్త్ర మ్యూజియములో సహాయకుడుగా ప్రవేశించెను.

అచ్చట సాలెపురుగులు, తేళ్లు, జెర్రులు మున్నగువాని సేకరణము ఆయన వశమాయెను. చూచుటకే పలువురు జంకు నట్టి ప్రాణుల నడుమ ఆయన సుమారు పదునెనిమిదేండ్లు గడపి, దాదాపు 200 వ్యాసములు ప్రకటించెను. దూరదేశములనుండి సీసాలలో వచ్చిన ప్రాణిని బల్లపై నుంచి, కన్నుల అమరికను, కాళ్ల తీరును, ఒంటి రోమములను పరికించి, యది యే జాతిదో నిర్ణయించుట ఆయన నిత్యకృత్యము.

అయినను పోకాక్ మృతకళేబరములతోనే తృప్తినొందలేదు. సాలెపురుగు గూడల్లుట యెట్లు నేర్చెనని ఆలోచించి, 1895లో నేచర్ పత్రికయందొక వ్యాసము ప్రకటించెను. దారము తొలుత గ్రుడ్లను కాపాడుటకు ఉపయోగపడెననియు, పిదప నివాసమునకు లోపలి పూతయాయెననియు, తుదకు ఆహారమును పట్టు వలగా మారెననియు ఆయన ఊహ.

ఈ మూడు ఉపయోగములను మన యిండ్లలోనే చూడవచ్చును. రాత్రులందు బొద్దింకల వేటకై గోడలపై పరుగిడు బల్లపరుపు పెద్ద సాలెపురుగు వల పన్నదు. ఆడుది తన గ్రుడ్లను బిళ్లవంటి తెల్లని సంచిలో చుట్టి పొట్టక్రింద మోయుచు తిరుగును. పగటివేళ ఎగిరి దూకి యీగలను పట్టు చిన్నది కూడ వల పన్నదు. విశ్రమించుటకు మాత్రము మూలలో పల్చని సంచి యల్లుకొనును. గోడ నెఱ్ఱెలపై గోరంత తెల్లని పొర కనబడినచో దానిక్రింద చిట్టి సాలెపురుగొకటి దాగియుండును. చూరు మూలలలో క్రమము లేక చిక్కుపడిన బూజు సన్నని పొడుగు కాళ్ల సాలెపురుగుది. అది తలక్రిందుగా వ్రేలాడుచు, కదలించినంతనే కంటికానని వేగమున నూగును. పెరటి చెట్ల నడుమ బండిచక్రమువలె గుండ్రని గూడు, దాని నడుమ వంకరటింకరగా తెల్లని పట్టీ కనబడినచో, అచ్చట కాళ్లను జతలుగా చేర్చి గుణకార చిహ్నమువలె కూర్చుండు తోట సాలెపురుగు నివసించుచున్నదని గ్రహింపవలెను.

కాని గూటిని మాత్రమే చూచి తుది తీర్పు చెప్పరాదు. గూడు కుటుంబమును తెలుపును. అందలి జాతిని తెలియుటకు దేహమును పరికింపవలయును. యౌవనము వచ్చిన మగవి పెక్కు గూడు విడిచి ఆడుదానిని వెదకుచు తిరుగును గాన వానికి గూటి సాక్ష్యమే యుండదు. మఱి దేహము చేతనున్నను నివాసము తెలియనిచో జ్ఞానము సగమే. ఇందుకు తెలుగునాటనే గొప్ప దృష్టాంతము కలదు.

1899లో పోకాక్ చెట్టు తొఱ్ఱలలో నివసించు పెద్ద సాలెపురుగుల నొక ప్రజాతిని గూర్చి వ్రాయుచు, గుత్తిలో దొరకిన యొక ప్రాణికి పోసిలోథీరియా మెటాలికా యని నామకరణము చేసెను. లోహమువలె మెఱయు నీలవర్ణము గల ఆ జీవి గుత్తి సాలెపురుగని ప్రసిద్ధికెక్కెను. కాని అది దొరకిన చోటు అడవి కాదు, రైల్వేవారి కలప యార్డు. కలపతోపాటు రైలుబండిలో వచ్చియుండునని తరువాతి శాస్త్రజ్ఞులు తలంచిరి. నూఱేండ్లకు పైగా దాని జాడ తెలియలేదు. 2001లో గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున, నంద్యాల గిద్దలూరుల నడిమి అడవిలో మరల కనబడెను. దాని నివాసము 100 చదరపు కిలోమీటర్లకు లోపేయని తేలెను. తొఱ్ఱలు గల ముదురు చెట్లను నరికినచో దానికి వేఱొక యిల్లు లేదు. పేరులోని యూరు ఒకటి, బ్రతుకు అడవి మఱియొకటి. అసలు ఇల్లెఱుగని జీవిని కాపాడుట యెవరి తరము?

1900లో పోకాక్ రచించిన గ్రంథము బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో వెలువడెను. మన దేశపు తేళ్లను, సాలెపురుగులను పరిశీలించువారికి అది చిరకాలము ఆధారముగా నిలిచెను. 1904లో ఆయన లండను జంతుప్రదర్శనశాల పర్యవేక్షకుడై 1923 వఱకు ఆ పదవి నిర్వహించెను. 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. ఉద్యోగ విరమణానంతరము విశ్రాంతి గోరక, తిరిగి మ్యూజియమునకేగి స్వచ్ఛందముగా కృషిచేసి, మన దేశపు క్షీరదములను గూర్చి 1939లోను 1941లోను రెండు సంపుటములు ప్రకటించెను. 1947 ఆగస్టు 9వ తేదీన, 84 ఏండ్ల వయస్సున, ఆయన దివంగతుడాయెను.

బాలబాలికలారా! పోకాక్ వద్ద పెద్ద మ్యూజియమును, వేలకొలది సీసాలును ఉండెను. వానిలో లేనిది మీ యింటి చూరున నున్నది. అదియే సజీవమైన గూడు. ఈమాఱు బూజుకర్ర యెత్తుటకు ముందు ఒక్క నిమిషము నిలిచి, గూడెట్లున్నది, ఏ మూలనున్నది, దానిలో నెవరున్నారు అని చూచి, తేదీతో గూడ నోటుపుస్తకమున వ్రాసికొనుడు. ఎచ్చట చూచితిమో వ్రాయుట మఱువకుడు. అసలు నివాసము తెలియకపోవుటచేతనే ఒక నీలిజీవి తన యడవి నుండి నూఱేండ్లు వేఱుపడియుండెను.