సర్ ఆర్థర్ కాటను దొర

మా పాఠశాల బాలురను గోదావరి ఆనకట్టను గూర్చి యడిగితిమేని కాటను దొర కట్టించెనని యందఱును జెప్పుదురు. ఎట్లు కట్టించెనని మఱల నడిగినచో తలలు వంచుకొందురు. ధవళేశ్వరమునుండి వచ్చు తూర్పు ప్రధానకాలువ మన కడియము లాకులకడ పాయలుగా చీలి కాకినాడ, సామర్లకోట వైపులకు బోవుచున్నది. ఆ నీటి యొడ్డున పెరుగు బాలురకు ఆయన చరిత్రము కొంతయైనను తెలియవలయునని యిది వ్రాయుచున్నాము.

ఆర్థర్ కాటను 1803 సంవత్సరము మే నెల 15వ తేదిని జన్మించెను. హెన్రీ కాల్వెలీ కాటనుగారి పదునొకండుగురు కుమారులలో పదవవాడు. పదియాఱేండ్ల ప్రాయముననే చెన్నపట్టణపు ఇంజనీర్ల పటాలములో నుద్యోగము సంపాదించి 1821లో ఈ దేశమునకు వచ్చెను. బర్మా యుద్ధమునకు బోయి వచ్చిన సంగతి యిచట విస్తరింప నక్కఱలేదు.

ఆయనకు నిజమైన గురుకులము తంజావూరు సీమ. అచట కావేరి నీరు కొల్లిడమునకు మరలిపోయి పొలములు బీడువాఱుచుండెను. ఏటి యడుగున ఎంత లోతు త్రవ్వినను ఇసుకయే గాని రాయి దొరకదు. అట్టిచోట అడ్డుకట్ట నిలుచునా? నిలుచునని చెప్పుటకు చోళరాజుల నాటి కల్లణై ఆనకట్ట కన్నులయెదుట నుండెను. వెనుకటివారు పెద్ద రాళ్లను ఇసుకలో పడవేసి, అవి క్రుంగి క్రుంగి యొకచోట నిలిచిన పిదప, వానిపై మఱల రాళ్లు పేర్చిరి. కాటను దొర యీ కిటుకును శ్రద్ధగా పరిశీలించి, 1836లో కొల్లిడముపై ఆనకట్టలు ప్రారంభించి జయము పొందెను. కొత్త యంత్రములును నేర్పులును పడమటి దేశములనుండియే రావలయునని తలంచువారు మనలో గలరు. ఇసుకపై కట్టెడి విద్య మాత్రము దొరకు మన దేశపు కూలివాని తాతలు నేర్పినదే. నేర్చుకొన్నానని యొప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. ఈ గుణమే మాకు మిక్కిలి నచ్చినది.

అప్పటి గోదావరి మండలము దుఃఖముల పాలై యుండెను. 1832-33లో నందన కరవు వచ్చి వేలకొలది జనులు మడిసిరి. 1839లో తుపాను కోరంగి ప్రాంతమును ముంచివేసెను. కంటియెదుట నంత పెద్దనది సముద్రములోనికి బోవుచుండగా ఒడ్డున నున్నవారు గంజి లేక చచ్చుట దొరకు సహింపరాని దయ్యెను. 1844లో ఆనకట్ట కట్టవలయునని ఆయన పైవారికి వ్రాసెను. 1847లో పని సాగెను.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను విడిచి, సుమారు 12,000 అడుగుల పొడవున కట్టడము సాగెను. ఇసుకలో నూతులు దింపి, వానిపై గోడ కట్టి, క్రిందివైపున వరద త్రవ్వకుండునట్లు పెద్ద బండలు పఱచిరి. రాయి ధవళేశ్వరపు కొండలోనిదే. ఆ రాతిని ఏటిలోనికి జేర్చుటెట్లు? ఎద్దుబండి ఇసుకలో చక్రము దిగబడినచో పూట గడచును. కావున దొర యినుప పట్టాలు పఱపించి, వానిపై బండ్లను నడిపించెను. దిగబడు బాధ తీఱినందున, వెనుక బండిని కదల్చుటకే చాలని మనుష్యులతో బరువైన బండలు ఏటిలోనికి జేరెను. అయినను పట్టాలు తమంతట తాము రాతిని మోయవు. వేలమంది కూలీలను గూర్చుట, వారికి పని పంచుట, కొత్త పద్ధతికి వారి చేతులను అలవఱచుట వీణం వీరన్నగారి సామర్థ్యముచే జరిగెను. ఈయన పేరు మా బాలురలో పదింట నొక్కనికైనను తెలియదు. వరదలు గండ్లుపెట్టెను, దొర జబ్బుపడి సెలవుపై బోయెను, మరల వచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

నీరు వచ్చినంత మాత్రమున పంట పండునా? ఇచట పండెను. ఏలయన డెల్టా రైతునకు వరి కొత్తది కాదు. చెఱువులక్రిందను, ఏటి పొంగు నీటను వెనుకనుండియు ఊడ్చుచుండెను. ఒండ్రునేల, పల్లపు భూమి. అతనికి లేనిది వేళకు నీరు మాత్రమే. నమ్మదగిన నీరు దొరకగనే సార్వా స్థిరపడెను, పిమ్మట దాళ్వాయు వచ్చెను. నేడు గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల యెకరములు ఈ నీటిచే పాఱుచున్నవి.

ఇదే విద్య కర్నూలు సీమలో చతికిలబడెను. కాటను దొర ప్రోత్సాహముతో లండనులో నొక కంపెనీ యేర్పడి, తుంగభద్రపై సుంకేశులకడ ఆనకట్ట కట్టి, కడపవఱకు కాలువ త్రవ్వెను. 10 లక్షల పౌనుల మూలధనమునకు నూటికి 5 వంతున వడ్డీ యిచ్చుటకు దొరతనమువారు పూచీపడిరి. కాని అచట నల్లరేగడి. ఒక వాన పడిన తడిని చాలకాలము దాచుకొనును. జొన్నయు ప్రత్తియు వానకే పండుచుండగా, పొలము చదును చేసి, గట్లు వేసి, ఎరువు తోలి, నీటితీరువ యేల చెల్లింపవలయునని రైతులు కాలువవైపు చూడరైరి. వానలు తప్పిన యేడు మాత్రమే నీరడిగిరి. 1882లో దొరతనమువారు ఆ కాలువను కొనివేయవలసి వచ్చెను. రైతులు మూఢులని ఆనాడు నిందించినవారు గలరు. మాకట్లు తోచదు. లెక్క వేసికొన్నవారు రైతులు. లెక్క తప్పినది కంపెనీ. చాలకాలమునకు పిమ్మట అదే కాలువక్రింద వరి విస్తరించినది గదా!

కాలువలయందు దొరకు మితిమీఱిన విశ్వాసముండెను. బండిమీదకంటె నీటిపై బరువును లాగుట మిక్కిలి సులభము గనుక, రైలుదారులకు పోయు ధనమును పడవలు నడచు కాలువలకు వెచ్చింపవలెనని జీవితాంతము వాదించెను. 1878లో పార్లమెంటు ఉపసంఘముముందు ఈ విషయమై సాక్ష్యమిచ్చెను గాని, ఆయన మాట నెగ్గలేదు. మన కాలువలపై మాత్రము ఒడ్డునుండి త్రాళ్లతో లాగు పడవలలో ధాన్యము కాకినాడ రేవుకు చాలకాలము నడచెను. కొమ్మమూరు, బకింగుహాము కాలువలమీదుగా చెన్నపట్టణమువఱకును నీటిదారి యుండెను. తొందర సరకు, దూరపు ప్రయాణము రైలునే కోరునని దొర గ్రహింపలేదు. మెట్టప్రాంతము డెల్టాకు వెనుకబడిపోవుటయు ఆయన తలంపునకు రాలేదేమో.

1861లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. ఉద్యోగము విడిచి డార్కింగు పట్టణమున నివసించుచు, తోటలో నేలను లోతుగా త్రవ్వించి గోధుమ యెంత పండించవచ్చునో శోధించుచుండెను. వృద్ధుడు గింజలు లెక్కించుచుండుటను తలంచుకొన్నప్పుడెల్ల మాకు నవ్వును గౌరవమును గలుగును. 1899 జూలై 24వ తేదిని, 96 ఏండ్లు నిండిన పిదప, ఆయన పరలోకగతుడయ్యెను. మఱుసటి యేటనే రాజమహేంద్రవరముకడ గోదావరిపై రైలువంతెన తెఱవబడెను. నేడు కడియపు నర్సరీల మొక్కలు లారీలమీద దూరరాష్ట్రములకు బోవుచున్నవి; లాకుల తలుపులకడ పడవ కనబడదు, నీరు మాత్రము పాఱుచున్నది.