లూయీ జాక్ తెనార్ మహాశయుని జీవితము

మన అనంతపుర సీమలో వాన అరుదు. చెరువు నిండుట మరింత అరుదు. అట్టి ఈ మెట్టనేలపై బట్టలకు తెలుపు తెచ్చుటకు మన పెద్దలెరిగిన సాధనములు మూడు: చౌడుమన్ను, ఉబ్బ, ఎండ. చౌడుమన్నులోని క్షారము జిడ్డును వదలించును. ఉబ్బలోని ఆవిరి మురికిని మెత్తబరచును. ఎండ మరకల రంగును విరుచును. ఈ మూడవ పనిని ఎండ లేకయే చేయగల ద్రవమొకటి కలదు. దానిని లోకమునకు మొట్టమొదట చూపినవాడు ఒక బీదరైతు కుమారుడు. ఆయన చరిత్రము మన బాలబాలికలును, వారి తలిదండ్రులును తెలిసికొనదగినది.

లూయీ జాక్ తెనార్ 1777 వ సంవత్సరము మే నెల 4 వ తేదీన ఫ్రాన్సు దేశమందలి లా లూప్తియేర్ అను పల్లెలో జన్మించెను. తండ్రి సామాన్యుడైన సేద్యగాడు. ఇంట బిడ్డలు పెక్కురు, రాబడి స్వల్పము. అయినను ఆ తలిదండ్రులు కుమారుని పొలమునకే కట్టివేయక సాన్స్ పట్టణమున చదివించిరి. పిమ్మట పదునారు పదునేడేండ్ల ప్రాయమున అతనిని ఔషధవిద్య నేర్చుటకై పారిస్ నగరమునకు పంపిరి. ఆ దినములలో ఆ దేశమున గొప్ప విప్లవము సాగుచుండెను.

పారిస్ నగరమున తెనార్ ఫూర్క్రువా, వోక్లాన్ అను రసాయన శాస్త్రజ్ఞుల ఉపన్యాసములను వినెను. వినుటతో తృప్తినొందక, తన చేతులతో ప్రయోగములు చేయగోరి వోక్లాన్ గారి ప్రయోగశాలలో చేరబోయెను. అచ్చట నెలనెల చెల్లింపవలసిన రుసుము అతనియొద్ద లేకపోయెను. ఆయన అంగీకరింపకుండుట చూచి ఆయన తోబుట్టువులు జాలిపడి, ఈ పిల్లవాడు వంటయింటి పనికైనను అక్కరకు వచ్చునని నచ్చజెప్పి చేర్పించిరి. తెనార్ సీసాలు కడుగుట మొదలుగా చిల్లరపనులన్నియు చేయుచు, గురువుగారి ప్రయోగములను శ్రద్ధతో కనిపెట్టి నేర్చుకొనెను. వోక్లాన్ గారును బీదరైతు కుటుంబమున పుట్టినవారే యగుట గమనింపదగినది.

ఆ శ్రమ వ్యర్థము కాలేదు. 1798 లో తెనార్ ఎకోల్ పొలిటెక్నిక్ అను ప్రసిద్ధ విద్యాలయమున బోధనా సహాయకుడయ్యెను. తన పల్లెయాసను సాధనచేత దిద్దుకొనెను. 1804 లో కాలేజ్ ద ఫ్రాన్స్ నందు తన గురువు కూర్చుండిన ఆచార్యపీఠమునకే వచ్చెను. అప్పటి మంత్రియగు షాప్తాల్ కోరికపై, మిక్కిలి వెలగల రాజావర్తశిల నుండి తీయు నీలవర్ణమునకు బదులుగా, కోబాల్టుతో చవుకయైన నీలవర్ణమును తయారుచేసెను. దానికి నేటికిని తెనార్ నీలమని పేరు. 1808 లో మిత్రుడైన గేలూసాక్‌తో కూడి బోరాన్ అను మూలపదార్థమును వేరుచేసెను.

ఆయన కీర్తికి శిఖరమైనది 1818 నాటి పని. బేరియం పెరాక్సైడు అను పదార్థమును ఆమ్లములతో కలిపి చూచుచుండగా, అందలి ఆమ్లజని వాయువుగా లేచిపోక ద్రవమునందే నిలిచిపోయెను. మొదట ఆయన ఆమ్లమే అధికముగా ఆమ్లజనిని గ్రహించినదని తలచెను. ఆ తలంపుతో ఆగక మరల మరల పరీక్షింపగా, ఆమ్లజనిని గ్రహించినది ఆమ్లము కాదనియు, నీరే యనియు తేలెను. అదియే నేడు మనము హైడ్రోజన్ పెరాక్సైడు అని పిలుచు ద్రవము. ఇది వేడికి ఓర్వదు. కొన్ని లోహములు తాకినంతనే విరిగిపోవును. కనుక దానిని చల్లగా ఉంచి, గాలి తీసిన పాత్రలో నీటిని మెల్లమెల్లగా ఆవిరిచేసి చిక్కపరచెను. వెండి మొదలగునవి తాము మారకయే దానిని విరుచుట కూడ ఆయన గమనించెను. తరువాత బెర్జీలియస్ పండితుడు ఇట్టి చర్యలకు ఉత్ప్రేరణమను పేరు కల్పించెను.

నీటి అణువున ఉదజని పాళ్లు రెండు, ఆమ్లజని పాలు ఒకటి. ఈ ద్రవమున ఆమ్లజని పాళ్లు రెండు. ఆ అధికమైన పాలు గట్టిగా అంటియుండదు. అది విడివడి మరకలోని వర్ణపదార్థముతో కలియగా దాని రంగు పోవును. తుదకు మిగులునది నీరే. క్లోరిన్ చలువ పట్టును, ఉన్నిని పాడుచేయును. ఇది వానికి తగినది. కనుక మన ధర్మవరపు మగ్గములపై నేయు పట్టువంటి నూలును తెల్లబరచుటకు దీనిని వాడుదురు. కాగితపు గుజ్జునకును వాడుదురు. నల్లబడిన సీసపు తెలుపు దీనివలన మరల తెల్లనగునని గ్రహించి తెనార్ పాత చిత్రములను బాగుచేయు మార్గమును చూపెను.

1899 లో తనతార్ అను రసాయనికుడు ఈ ద్రవమును బట్టలసోడాతో కూర్చి తెల్లని పొడిగా చేసెను. దాని పేరు సోడియం పెర్కార్బొనేటు. బరువులో దాదాపు మూడవవంతు పెరాక్సైడే. నీటిలో వేయగానే రెండును విడివడి, సోడా జిడ్డును, పెరాక్సైడు మరకను పట్టును. మన చౌడులోని క్షారమును, తెనార్ ద్రవమును ఒక్కచోట చేరినట్లే. గోరువెచ్చని నీటిలో ఇది బాగుగా పనిచేయును. అయితే సోడా ఉన్నందున ఈ పొడి పట్టునకు, ఉన్నికి తగదు. తేమ తగులనీయరాదు, ఇతర చలువమందులతో కలుపరాదు. దీని నీటిని పదే పదే మొక్కలకు పోసిన నేల చౌడెక్కును. నీటికరవు గల మనము ఈ సంగతి మరువరాదు.

తెనార్ బోధకుడుగా మిక్కిలి ప్రసిద్ధుడు. ఒకనాడు పాఠము చెప్పుచు మంచినీరనుకొని పాదరసపు విషము కలిసిన నీటిని త్రాగెను. వెంటనే గ్రహించి, కలవరపడక విద్యార్థులకు ఆ సంగతి తెలిపి, గ్రుడ్ల తెల్లసొన తెప్పించుకొని త్రాగి బ్రతికెను. ప్రయోగశాలలో ప్రతి సీసాకు పేరు వ్రాసి అంటింపవలయునని మనము పట్టుబట్టుట ఇందుకే.

1825 లో రాజు ఆయనకు బారన్ బిరుదమిచ్చెను. అయినను ఆయన తన మొదటి దినములను మరువలేదు. 1857 లో, తన ఎనుబదవయేట, అక్కరలోనున్న శాస్త్రజ్ఞులకును, వారి భార్యాబిడ్డలకును తోడ్పడుటకై ఒక సంఘమును స్థాపించెను. ఆ యేడే జూన్ నెల 21 వ తేదీన పరమపదించెను. 1865 లో ఆయన పుట్టిన పల్లెకు లా లూప్తియేర్ తెనార్ అని పేరు మార్చిరి.

తలిదండ్రులారా, కరవు వచ్చినయేడు ఇంట ముందుగా ఆగునది బిడ్డ చదువే. పశువులను మేపుటకు, కూలికి పోవుటకు బిడ్డ చేతులు అవసరమని తోచుట సహజము. లా లూప్తియేర్ రైతునకును అట్లే తోచియుండవచ్చును. అయినను ఆయన కుమారుని పంపెను. రుసుము లేని పిల్లవానికి ఆ తోబుట్టువులు తలుపు తెరపించిరి. వారిలో ఏ ఒక్కరు వెనుదీసినను ఆ బాలునికి ప్రయోగశాల అందెడిది కాదు. విద్యార్థులారా, మీకొరకు తెరువబడిన తలుపును ఎవరు తెరచిరో జ్ఞాపకముంచుకొనుడు. మీరు పెద్దలైనపుడు మరియొకరికి తెరువుడు.