తండ్రిని మురిపించిన కూతురు

సుమతీ శతకంలోని పుత్రోత్సాహపు పద్యాన్ని మనలో చాలామందిమి చిన్ననాడు బడిలో అప్పజెప్పినవారమే. కొడుకు పుట్టినందుకు కాక, ఆ కొడుకును నలుగురూ మెచ్చుకున్నందుకు తండ్రి పొందే ఆనందమే అసలైనదని ఆ శతకకారుని భావం. ఆదివారం పూజ ముగిశాక గుడి ముంగిట నిలబడే నాకు ఈ ఆనందం బాగా పరిచయం. బిడ్డ చెయ్యి పట్టుకుని వచ్చి, పరీక్షలో వచ్చిన మార్కులు చెప్పి, తలమీద చెయ్యి పెట్టి దీవించమని అడిగే తల్లిదండ్రులు ఎందరో! ఆ సంతోషం మంచిదే. అయితే మనం మురిసిపోయేది బిడ్డ తెలివిని చూసా, గుణాన్ని చూసా? నలుగురూ మెచ్చుకోవడం మానేసిన రోజున కూడా ఆ మురిపెం మనలో నిలుస్తుందా? ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన ఒక తండ్రిని ఈ వారం మీకు పరిచయం చేస్తాను. ఆయనే పునీత థామస్ మోర్.

ఆయన 1478లో లండన్ నగరంలో పుట్టాడు. తండ్రి జాన్ మోర్ న్యాయవాది, తర్వాత న్యాయమూర్తి. యువకుడైన థామస్ న్యాయశాస్త్రం చదువుతూనే సుమారు నాలుగేళ్ళు కార్తూసియన్ సన్యాసుల మఠం దగ్గర ఉండి, వారి ప్రార్థనల్లో పాలుపంచుకున్నాడు. సన్యాసం స్వీకరించాలా, సంసారిగా ఉండాలా అని చాలాకాలం ఆలోచించి, చివరకు గృహస్థ జీవితమే తనకు దేవుడిచ్చిన పిలుపని గ్రహించాడు. 1505లో జేన్ కోల్ట్ అనే ఆమెను పెండ్లాడాడు. వారికి మార్గరెట్, ఎలిజబెత్, సిసిలీ అనే ముగ్గురు కూతుళ్ళు, జాన్ అనే కొడుకు కలిగారు. 1511లో జేన్ మరణించింది. పసిపిల్లలకు తల్లి కావాలని ఆయన త్వరలోనే ఆలిస్ అనే వితంతువును వివాహం చేసుకున్నాడు.

ఆ కాలంలో ఆడపిల్లకు లతీను, గ్రీకు భాషలు నేర్పించడమంటే లోకానికి వింత. కాని మోర్ ఇంట్లో కూతుళ్ళకూ కొడుకుకూ ఒకే చదువు. భాషలు, తర్కం, గణితం, ఖగోళశాస్త్రం, పితృపాదుల గ్రంథాలు అన్నీ వారు నేర్చుకున్నారు. ఆయన పిల్లల్ని కొట్టవలసివస్తే నెమలి ఈకలతో కొట్టేవాడు! రాజకార్యాల మీద దూరం వెళ్ళినప్పుడు పిల్లలందరూ తనకు ఉత్తరాలు రాయాలని నియమం పెట్టాడు. వచ్చిన ఉత్తరాలను మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయేవాడు.

ఒకసారి ఎక్సెటర్ పీఠాధిపతి దగ్గర కూర్చున్నప్పుడు, జేబులోనుంచి ఏదో కాగితం తీయబోతే దానితోపాటు మార్గరెట్ ఉత్తరం బయటపడింది. అది స్త్రీ చేవ్రాలని గమనించిన పీఠాధిపతిగారు ఆసక్తితో చదివి, ఆ లతీను శైలికి ఆశ్చర్యపడి, ఆ అమ్మాయికి బహుమతిగా ఒక బంగారు నాణెం ఇచ్చారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఆ తండ్రి హృదయం ఎంత పొంగిందో ఊహించుకోండి! అయినా మిగిలిన ఇద్దరు కూతుళ్ళ ఉత్తరాలు కూడా చూపించడానికి వీలులేకపోయిందే అని ఆయన బాధపడ్డాడట. 1524 నాటికి, పంతొమ్మిదేళ్ళ ప్రాయంలోనే, మార్గరెట్ పరలోక జపంపై ఎరాస్మస్ పండితుడు లతీనులో రాసిన వ్యాఖ్యను ఇంగ్లీషులోకి అనువదించింది.

అంతటి చదువు నేర్పిన తండ్రికి ఒక భయం కూడా ఉండేది. తన పిల్లల ఉపాధ్యాయునికి రాసిన ఒక లేఖలో ఆ భయాన్ని వివరంగా వెల్లడించాడు. సద్గుణానికి మొదటి స్థానం, విద్యకు ఆ తర్వాతి స్థానం ఇవ్వమన్నాడు. గర్వమనే విత్తనాన్ని పసివారి మనసులో నాటేది పెద్దవాళ్ళమేననీ, పొగడ్తలతో దాన్ని పెంచి పోషించేది కూడా మనమేననీ హెచ్చరించాడు. ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బిడ్డ నా సొత్తు, నా ఘనత అనుకుంటే అది గర్వం. బిడ్డలో సర్వేశ్వరుడు చేస్తున్న పనిని చూసి ఆనందిస్తే అది కృతజ్ఞత. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కష్టకాలం వచ్చినప్పుడే వాటి తేడా బయటపడుతుంది.

1528లో లండన్‌లో చెమట జ్వరం వ్యాపించింది. మార్గరెట్ మంచం పట్టింది. వైద్యులు ఆశ వదులుకున్నారు. మోర్ తన ప్రార్థనా గదికి వెళ్ళి మోకరించి కన్నీటితో వేడుకున్నాడు. ఆమె కోలుకుంది. ఆమే గనుక చనిపోయి ఉంటే లోకవ్యవహారాలన్నీ విడిచిపెట్టేవాడినని ఆయన తర్వాత చెప్పాడు. అంత గాఢమైనది ఆ మమకారం.

1529లో ఎనిమిదవ హెన్రీ రాజు ఆయనను లార్డ్ ఛాన్సలర్‌గా నియమించాడు. దేశంలో అత్యున్నత న్యాయపదవి అది. అంతటి అధికారి అయికూడా, ముసలి తండ్రి న్యాయమూర్తిగా కూర్చున్న న్యాయస్థానం మీదుగా వెళ్తే, అందరి ఎదుటా ఆయన ముందు మోకరించి దీవెన అడిగేవాడు. పిల్లలు వినయాన్ని పుస్తకాల్లో మాత్రమే కాదు, అలాంటి దృశ్యాల్లో నేర్చుకుంటారు.

తర్వాత తుఫాను వచ్చింది. రాజు కాథరిన్ రాణితో జరిగిన తన వివాహాన్ని రద్దు చేయించుకోవాలని, ఇంగ్లాండు తిరుసభకు తానే అధిపతి కావాలని పట్టుబట్టాడు. మోర్ 1532లో పదవికి రాజీనామా చేశాడు. ఇల్లు పేదరికంలో పడింది. 1534 ఏప్రిల్‌లో రాజు కోరిన ప్రమాణం చేయడానికి నిరాకరించినందుకు ఆయనను లండన్ టవర్‌లో బంధించారు.

ఇక్కడే ఆ తండ్రికి అసలైన పరీక్ష ఎదురైంది. తన ప్రాణానికి ప్రాణమైన మార్గరెట్, దేవుని చట్టానికి విరుద్ధం కానంతమేరకు అనే షరతుతో, ఆ ప్రమాణం చేసింది. అంతేకాదు, తండ్రిని కూడా చేయమని బ్రతిమాలుతూ ఉత్తరం రాసింది. తనకు ఎదురైన భయాలన్నింటికంటే ఆ ఉత్తరమే తనను ఎక్కువగా నొప్పించిందని ఆయన జవాబిచ్చాడు. ఆమె చెరసాలకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ముందు ఏడు పశ్చాత్తాప కీర్తనలు, పునీతుల ప్రార్థనామాలిక కలిసి జపించేవారు. ఆ తర్వాతే మాటలు. ఆమె వాదించేది. ఆయన నవ్వుతూ, ఆదామును శోధించిన ఏవతో ఆమెను పోల్చి, ఓపికగా జవాబు చెప్పేవాడు. కాని ప్రమాణం చేసినందుకు ఆమెను ఒక్కమాట అనలేదు. ఇతరుల అంతరాత్మకు తాను తీర్పరిని కాననీ, తన ఆత్మను మాత్రం మరొకరి మీద భారం వేయలేననీ ఆయన నిశ్చయం. బిడ్డకు ఆలోచించడం నేర్పిన తండ్రి, ఆమె ఆలోచన తన ఆలోచనకు వేరైనప్పుడు కూడా ఆమెను గౌరవించాడు. మనలో ఎందరం అలా ఉండగలం?

ఆ నెలల్లో మార్గరెట్ కూడా మారింది. తండ్రి రహస్యంగా ధరించే గరుకు తపోవస్త్రాన్ని ఎవరికీ తెలియకుండా ఉతికి ఇచ్చేది ఆమే. 1535 జూలై 1న ఆయనకు మరణశిక్ష విధించి, తిరిగి టవర్‌కు తీసుకువస్తుండగా ఆమె దారిలో కాచుకుని ఉంది. ఆయుధాలు పట్టిన భటుల మధ్యనుండి తోసుకువెళ్ళి, అందరూ చూస్తుండగా తండ్రిని కౌగలించుకుని ముద్దుపెట్టుకుంది. ఆయన దీవించాడు. కొంచెం దూరం వెళ్ళి, ఆగలేక మళ్ళీ పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంది. చూసిన జనం కంటతడి పెట్టారు. రాజద్రోహిగా తీర్పు పొందినవానికి కూతురినని బజారులో చాటుకోవడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

జూలై 5న మోర్ బొగ్గుముక్కతో తన చివరి ఉత్తరం రాశాడు. అది మార్గరెట్‌కే. ఆ రోజు లోకమర్యాదను లెక్కచేయకుండా ఆమె చూపిన ప్రేమ తనకు మునుపెన్నడూ లేనంత నచ్చిందని అందులో తెలిపాడు. గమనించారా? లతీను పాండిత్యాన్నిగాని, పీఠాధిపతి ఇచ్చిన బంగారు నాణేన్నిగాని ఆయన ఆ ఉత్తరంలో తలచుకోలేదు. జనం మెచ్చుకోలు ఏనాడో పోయింది. ఆ తండ్రి కళ్ళముందు నిలిచినది భయాన్ని జయించిన బిడ్డ ప్రేమ ఒక్కటే.

మరునాడు, జూలై 6న, ఆయన శిరచ్ఛేదం జరిగింది. లండన్ వంతెనపై ఉంచిన ఆయన శిరస్సును మార్గరెట్ సంపాదించి భద్రపరచింది. ఆమె 1544లో మరణించింది. 1935లో పదకొండవ భక్తినాథ పోపుగారు థామస్ మోర్‌ను పునీతునిగా ప్రకటించారు. 2000లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను పాలకులకు, రాజకీయ నాయకులకు పాలకపునీతునిగా ప్రకటించారు. జూన్ 22న తిరుసభ ఆయన పండుగ కొనియాడుతుంది.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ మార్కులకు తప్పక సంతోషించండి. కాని ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక ఒక్క నిమిషం ఆలోచించండి. ఈ వారంలో మీ బిడ్డ నిజం చెప్పిన సందర్భం, తన వంతు మరొకరికి పంచిన సందర్భం, బలహీనుని పక్కన నిలబడిన సందర్భం ఏదైనా మీ కంటపడిందా? పడితే అందుకు బిడ్డను దగ్గరకు తీసుకుని మెచ్చుకోండి, ఆ గుణాన్ని ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పండి. పడకపోతే, ముందు ఆ దృశ్యాన్ని బిడ్డ మీలో చూసేలా జీవించండి.