దశమభాగమును దాటిన దైవజనుడు: జాన్ వెస్లీ

క్రైస్తవులు దశమభాగము చెల్లించుటకు బద్ధులా, కారా అను ప్రశ్న మన సంఘములలో తరచుగా వినబడుచున్నది. పాస్టరేటు కమిటీలలోను, స్త్రీల మైత్రి కూటములలోను, యౌవనస్థుల బైబిలు తరగతులలోను దీనిని అడుగుచునే యున్నారు. కొందరు మలాకీ గ్రంథము 3వ అధ్యాయమును చూపి, పదియవ వంతు ఇయ్యనివాడు దేవుని సొమ్ము అపహరించినవాడే అందురు. మరికొందరు మనము ధర్మశాస్త్రమునకు లోనైనవారము కాము, కృపకు లోనైనవారము గనుక ఆ లెక్క మనకు వర్తింపదందురు. ఇరుపక్షములవారును వాక్యమునే చేత పట్టుకొని మాటలాడుచున్నారు. మేము ఆ వాదమును ఇక్కడ మరల నడుపదలచుకొనలేదు. దశమభాగము చట్టముగా ఉన్న దేశములో, ఆ దశమభాగముతోనే పెరిగిన యొక దైవజనుని జీవితమును సంఘస్థుల యెదుట పెట్టదలచినాము.

బాల్యము

జాన్ వెస్లీగారు 1703వ సంవత్సరము జూన్ నెలలో ఇంగ్లాండు దేశమందలి లింకన్‌షైరులో ఎప్‌వర్త్ అను ఊరిలో జన్మించిరి. తండ్రి సామ్యేల్ వెస్లీగారు ఆ ఊరి గురువు. తల్లి సూసన్నా అమ్మగారు. ఆ దంపతులకు 19 మంది బిడ్డలు కలుగగా వారిలో అనేకులు పసితనములోనే చనిపోయిరి.

ఆ కాలమున ఇంగ్లాండులో దశమభాగము మనస్ఫూర్తిగా తెచ్చి యిచ్చెడి కానుక కాదు. పొలములో పండిన దానిలో పదియవ వంతు చట్టము ప్రకారము సంఘమునకు చెందవలెను. రైతు ఆలయమునకు వచ్చినను రాకున్నను, గురువు ప్రసంగము నచ్చినను నచ్చకున్నను, ఇయ్యక తప్పదు. కోత అయిన పిమ్మట గురువు వంతు వేరుగా పెట్టెడివారు. సామ్యేల్‌గారు ఒకనాడు ఆ ధాన్యము కొరకు పొలమునకు వెళ్లగా, ఒక రైతు గురువు వంతుగా పెట్టిన మోపులలోని వెన్నులను కత్తెరతో కత్తిరించి సంచిలో నింపుకొనుచు కనబడెనట. గురువుగారు అతనిని సంచితో సహా ఊరి అంగడికి తీసికొనిపోయి పదిమందిలో బయటపెట్టిరని ఆ కుటుంబ చరిత్రలో చెప్పుదురు. ఇచ్చువాడు దొంగగాను, పుచ్చుకొనువాడు కాపలావాడుగాను మారిన స్థితి అది. మందకును కాపరికిని మధ్య ప్రేమ అట్లు నిలుచునా?

ఇంత చట్టమున్నను ఆ యిల్లు నిండలేదు. 1705లో 30 పౌనులైనను లేని అప్పు తీర్చలేక సామ్యేల్‌గారు లింకన్ కోటలోని చెరసాలలో కొన్ని నెలలు గడపవలసి వచ్చెను. 1709లో ఒక రాత్రి ఆ గురువుగారి ఇల్లు కాలిపోయెను. అప్పటికి ఐదేండ్లవాడైన జాన్‌ను మేడ కిటికీలోనుండి చివరి నిమిషమున దింపిరి. అప్పులు, లేమి, సంఘస్థుల కోపము అన్నియు ఆ బాలుడు కన్నులార చూచి పెరిగెను.

ఆక్స్‌ఫర్డ్ దినములు

వెస్లీగారు ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1726లో లింకన్ కళాశాలలో ఫెలోగా ఎన్నికైరి. అప్పటినుండి ఆయనకు స్థిరమైన ఆదాయము దొరికెను. 1729 నుండి ఆయనయు, ఆయన తమ్ముడు చార్లెసును, మరికొందరు స్నేహితులును కూడి ప్రార్థనలోను, చెరసాలలను దర్శించుటలోను, బీదలకు సహాయము చేయుటలోను కాలము గడుపుచుండిరి.

ఆ దినములలో వారి సహాయముతో చదువుకొనుచుండిన ఒక బీద పిల్ల చలికాలమున పలుచని గుడ్డతో వణకుచు ఆయన గదికి వచ్చెను. ఆమెకు వెచ్చని బట్ట కొనిపెట్టుటకు జేబు తడిమి చూచుకొనగా చాలినంత డబ్బు లేదు. గోడలమీద మాత్రము ఆయన కొని తగిలించిన పటములు ఉన్నవి. ఈ పిల్ల మీదికి రావలసిన బట్ట తన గోడల మీదికి ఎక్కినదని ఆయన మనస్సు గుచ్చుకొనెను. ఆ దినమును ఆయన ముసలితనము వరకు మరువలేదు.

వెస్లీగారు వృద్ధాప్యమున ఒక ప్రసంగములో, ఆక్స్‌ఫర్డ్‌లోని తొలి మెథడిస్టులలో ఒకని లెక్క చెప్పిరి. పేరు చెప్పకున్నను అది ఆయన లెక్కయే అని చరిత్రకారులు తలంచుదురు. మొదటి సంవత్సరము ఆదాయము 30 పౌనులు. 28 పౌనులతో జీవించి 2 పౌనులు బీదలకిచ్చెను. రెండవ సంవత్సరము ఆదాయము 60 పౌనులాయెను. అప్పుడును 28 పౌనులతోనే జీవించి 32 పౌనులిచ్చెను. మూడవ సంవత్సరము 90 రాగా 62 ఇచ్చెను. నాలుగవ సంవత్సరము 120 రాగా 92 ఇచ్చెను.

ఈ లెక్కను సంఘస్థులు నిదానముగా చూడవలెనని మా మనవి. మొదటి సంవత్సరము ఇచ్చినది పదియవ వంతు కూడ కాదు. 30 పౌనులకు పదియవ వంతు 3 పౌనులు. నాలుగవ సంవత్సరము ఇచ్చినది మూడు వంతులకు మించినది. ఉంచుకొనినది పావు వంతు కంటె తక్కువ. దశమభాగమే కొలబద్ద అయినచో మొదటి సంవత్సరము అతడు దోషి, నాలుగవ సంవత్సరము మహా దాత. అయితే రెండు సంవత్సరములలోను అతని హృదయము ఒక్కటే. ఇయ్యవలసినది ఎంత అని అతడు లెక్క కట్టలేదు. తనకు చాలినది ఎంత అని లెక్క కట్టి, మిగిలినదంతయు ఇచ్చెను.

వారమునకు ఒక పెన్నీ

1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో వెస్లీగారికి రక్షణ నిశ్చయత కలిగెను. మరుసటి సంవత్సరమునుండి ఆయన బయలు ప్రదేశములలో బొగ్గుగని పనివారికిని, కూలివారికిని ప్రసంగింపసాగిరి. బ్రిస్టల్ పట్టణములో కట్టిన కూటపు ఇంటిమీద అప్పు నిలిచిపోయెను. ఆ అప్పు తీర్చు మార్గమును ఆలోచించుటకై 1742 ఫిబ్రవరి 15న సభ్యులు కూడివచ్చిరి. ఫాయ్ అను ఒక ఓడ కెప్టెను లేచి, ప్రతి సభ్యుడును వారమునకొక పెన్నీ ఇయ్యవలెనని సలహా చెప్పెను. ఆ దినములలో పౌనుకు 240 పెన్నీలు. అయినను అది కూడ ఇచ్చుకొనలేని బీదవారు ఉన్నారని మరియొకరు అడ్డు చెప్పిరి. అందుకు ఆ కెప్టెను, మిక్కిలి బీదవారైన 11 మందిని తనకు అప్పగించుడని, వారు ఇయ్యగలిగిన సరే, లేనియెడల తన పెన్నీతో పాటు వారి పెన్నీలును తానే కట్టుదునని చెప్పెను. మరికొందరును అట్లే ఒప్పుకొనిరి.

ఆ విధముగా వారమువారము ఇంటింటికి వెళ్లినవారు పెన్నీ మాత్రమే తీసికొని రాలేదు. ఏ యింట జబ్బు ఉన్నదో, ఎవరు త్రాగుడులో పడిరో, ఎవరి ప్రార్థన ఆగిపోయినదో తెలిసికొని వచ్చిరి. మెథడిస్టు సంఘములకు వెన్నెముకయైన క్లాసు కూటములు ఇందులోనుండియే పుట్టినవి. తండ్రి కాలమున దశమభాగము గురువునకును జనులకును మధ్య గోడ కట్టినది. కుమారుని కాలమున ఒక పెన్నీ ఇంటింటికి తలుపు తెరచినది. అక్కడ బలవంతము, ఇక్కడ పరామర్శ. భేదమంతయు దీనియందే యున్నది.

మూడు నియమములు

ధనమును గూర్చి వెస్లీగారు చేసిన ప్రసంగము 1760లో అచ్చుపడెను. అందులో మూడు నియమములు కలవు. మొదటిది, న్యాయముగా ఎంత సంపాదింపగలమో అంత సంపాదించుట. అయితే మన ఆరోగ్యమునకు గాని, పొరుగువాని ఆస్తికి గాని, దేహమునకు గాని, ఆత్మకు గాని హాని కలుగరాదు. సారాయి వ్యాపారమును ఆయన ఈ కారణముచేతనే ఖండించిరి. రెండవది, దుబారా లేక పొదుపు చేయుట. మూడవది, ఎంత ఇయ్యగలమో అంత ఇచ్చుట. మొదట మన యింటివారి కూడుగుడ్డలు, తరువాత విశ్వాస గృహమునకు చేరినవారు, ఆ తరువాత సకల మనుష్యులు అని వరుస కూడ చెప్పిరి. పదియవ వంతు కాదు, మూడవ వంతు కాదు, సగము కూడ కాదు, సమస్తమును దేవునిదే అనియు, మనము గృహనిర్వాహకులము మాత్రమే అనియు ఆయన బోధ.

బోధించినట్లు జీవించిరి. 1746లో లండనులో బీదలకు ఉచితముగా మందులిచ్చు ఏర్పాటును, చిన్నచిన్న అప్పులిచ్చు నిధిని ప్రారంభించిరి. పుస్తకముల అమ్మకమువలన గొప్ప ఆదాయము వచ్చినను అది ఆయన చేతిలో నిలువలేదు. 1776లో వెండి సామానుల పన్ను అధికారులు లెక్క అడుగగా, తనకు లండనులో రెండు, బ్రిస్టల్‌లో రెండు వెండి చెంచాలు మాత్రమే కలవనియు, చుట్టును అనేకులకు రొట్టె లేకుండగా ఇంకను కొననని తెలియజేసిరి. 1785 జనవరిలో, 81 ఏండ్ల వయస్సున, కరగుచున్న మంచులో చీలమండలు మునుగుచుండగా లండను వీధులలో నాలుగైదు దినములు తిరిగి, బీదలకు బట్టల కొరకు 200 పౌనులు అడిగి కూడబెట్టిరి.

అంత్యదినములు

వెస్లీగారికి ముసలితనమున ఒక దుఃఖము మిగిలెను. మొదట చేరిన కూలివారు భక్తివలన త్రాగుడు మాని, కష్టపడి, పొదుపుచేసి ధనవంతులైరి. మొదటి రెండు నియమములను బాగుగా పట్టుకొని మూడవదానిని విడిచిరి. 1789లో చేసిన ఒక ప్రసంగములో ఆయన దీనిని గూర్చి బహుగా బాధపడిరి. భక్తి శ్రమను, పొదుపును పుట్టించును. అవి ధనమును పుట్టించును. ఆ ధనము భక్తిని తినివేయును. ఇచ్చుట ఒక్కటే దీనికి మందని ఆయన ఎరిగియుండిరి.

1791 మార్చి 2న లండనులో, 87 ఏండ్ల వయస్సున, వెస్లీగారు ప్రభువునందు నిద్రించిరి. తన పెట్టెలోను జేబులలోను మిగిలిన డబ్బు నలుగురు ప్రసంగీకులకు పంచవలెననియు, శవమును బండిమీద గాక ఆరుగురు బీదవారు మోసికొనిపోవలెననియు, వారికి తలకొక పౌను ఇయ్యవలెననియు మరణశాసనములో వ్రాసిరి. ఆయన సమాధి ఖర్చు కూడ బీదల ఇంటికే చేరెను.

ఇంగ్లాండులో ధాన్యరూపమైన దశమభాగమును 1836లో డబ్బు చెల్లింపుగా మార్చిరి. 1936లో ఆ చెల్లింపును కూడ రద్దు చేసిరి. ఫాయ్‌గారి పెన్నీ మాత్రము సముద్రము దాటెను. వెస్లియన్ మిషనరీలు హైదరాబాదు సంస్థానమునకు వచ్చి నాటిన సంఘములు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములో చేరినవి. ఆ విధముగా వెస్లీగారు మనకును పితరుడే.

మన మాట

ఇక ప్రశ్నకు వత్తము. క్రైస్తవుడు దశమభాగమునకు చట్టముగా బద్ధుడా? కాడని మా అభిప్రాయము. ఇశ్రాయేలులో అది లేవీయుల పోషణ కొరకును, మూడవ యేట పరదేశి, తండ్రిలేనివారు, విధవరాండ్ర కొరకును నియమింపబడినది. అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు చందాను గూర్చి రెండు అధ్యాయములు వ్రాసియు, పదియవ వంతు మాట ఎత్తలేదు. బలవంతము లేక, సంతోషముతో, కలిగిన కొలది ఇయ్యవలెనని వ్రాసెను. మేము ఆ కానుకలతోనే జీవించువారము. దశమభాగము తప్పనిసరి అని బోధించుట మాకు లాభకరమే. అయినను దినకూలిమీద ముగ్గురు పిల్లలను సాకుచున్న విధవరాలి యెదుట మలాకీ శాపమును చదువుటకు మాకు అధికారము లేదు. ఆమె పెన్నీని కట్టుటకు మన మధ్య కెప్టెను ఫాయ్ ఎవరని అడుగవలెను.

అయితే చట్టము లేదు గనుక తక్కువ ఇయ్యవచ్చునని ఎవరును సంతోషింపకుందురు గాక. మన అవ్వలు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి కుండలో వేసి ఆలయమునకు తెచ్చిరి. కోతపండుగకు కోడిని, గుమ్మడికాయను, క్రొత్త ధాన్యమును తెచ్చిరి. వారి మనుమలు నేడు నెల జీతములు, పక్కా ఇండ్లు, వాహనములు కలిగియున్నారు. కానుక పళ్లెములో మాత్రము పది రూపాయల నోటు కదలుటలేదు. వెస్లీగారి ముసలితనపు దుఃఖము మన సంఘములోనికి వచ్చి కూర్చున్నది. ఇట్టివారికి దశమభాగము మంచి ఆరంభము. గమ్యము మాత్రము కాదు. కమిటీలవారును ప్రతి పైసా లెక్కను సంఘము యెదుట తెరచి చూపవలెను. లెక్క తెలియని చోట సంతోషముగా ఇచ్చువారుండరు.

ఈ శతవార్షిక సంవత్సరమున ప్రతి కుటుంబమును ఒక సాయంకాలము కూర్చుండి, దేవునికి ఎంత ఇయ్యవలెనని గాక, మనకు ఎంత చాలునని ప్రార్థనతో లెక్క వేసికొనవలెనని మా మనవి. ఆ లెక్క సరిగా తేలిన యింట దశమభాగమును గూర్చిన వాదము దానంతట అదియే ఆగిపోవును. అట్టి కృపను ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.