జాన్ వాన్ న్యూమన్

జాన్ వాన్ న్యూమన్ (డిసెంబర్ 28, 1903 - ఫిబ్రవరి 8, 1957) హంగేరీలో జన్మించి అమెరికాలో స్థిరపడిన సుప్రసిద్ధ గణిత శాస్త్రవేత్త. సమితి సిద్ధాంతము, క్వాంటమ్ యాంత్రిక శాస్త్రము, క్రీడా సిద్ధాంతము, కంప్యూటరు నిర్మాణము మొదలైన రంగాలలో మౌలికమైన కృషి చేసాడు. తన ప్రతిని తానే తయారు చేసుకోగల యంత్రము తర్కరీత్యా సాధ్యమేనని నిరూపించినది కూడా ఈయనే. కంప్యూటరు వైరస్, దానికి విరుగుడైన యాంటీవైరస్ అనే మాటలు పుట్టక మునుపే వాటికి సంబంధించిన మూలసూత్రము ఈయన రచనలలో కనిపిస్తుంది.

బాల్యము, విద్యాభ్యాసము

బుడాపెస్ట్ నగరంలో ఒక సంపన్న యూదు కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ములలో పెద్దవాడుగా జన్మించాడు. హంగేరియన్ సంప్రదాయం ప్రకారం ఇంటిపేరు ముందు వచ్చే ఈయన అసలు పేరు నాయ్‌మన్ యానోష్ లాయోష్. తండ్రి మిక్షా బ్యాంకు ఉద్యోగి. లూథరన్ ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో లాస్లో రాట్స్ అనే గణిత ఉపాధ్యాయుడు ఇతని ప్రతిభను గుర్తించి, విశ్వవిద్యాలయ ఆచార్యుల వద్ద ప్రత్యేక బోధనకు ఏర్పాటు చేయించాడు. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన యూజీన్ విగ్నర్ అదే పాఠశాలలో ఒక తరగతి పైన ఉండేవాడు.

గణితము కూడు పెట్టదని తండ్రి అభిప్రాయం. అందుచేత జ్యూరిచ్‌లో రసాయన ఇంజనీరింగు చదువుతూనే బుడాపెస్ట్‌లో గణిత పరిశోధన సాగించి, 1926లో రెండు పట్టాలూ పొందాడు. బెర్లిన్‌లో కొంతకాలం బోధించి 1930లో ప్రిన్స్‌టన్ చేరాడు. 1933లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో తొలి ఆచార్యులలో ఒకడయ్యాడు. 1937లో అమెరికా పౌరసత్వము లభించింది.

కంప్యూటరు నిర్మాణము

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అణుబాంబు నిర్మాణంలో ఈయన పాలుపంచుకొన్నాడు. 1944 వేసవిలో అబెర్డీన్ రైల్వే స్టేషనులో హెర్మన్ గోల్డ్‌స్టైన్‌ను అనుకోకుండా కలుసుకోవడంతో ఎనియాక్ యంత్రము సంగతి తెలిసింది. ఎనియాక్‌లో లెక్క మార్చాలంటే తీగలు, మీటలు మార్చవలసి వచ్చేది. 1945 జూన్‌లో వెలువడిన ఎడ్వాక్ నివేదికలో ఆదేశాలను, అంకెలను ఒకే జ్ఞాపకశక్తిలో భద్రపరచే పద్ధతిని వివరించాడు. ఆ నివేదికపై వాన్ న్యూమన్ పేరు మాత్రమే ఉండుట వలన ఎనియాక్ నిర్మాతలు ఎకర్ట్, మాక్లీలకు అన్యాయం జరిగిందనే వివాదము ఏర్పడింది. ఈ విమర్శలో న్యాయం లేకపోలేదు.

ఈ పద్ధతికి మరొక పర్యవసానము ఉంది. ఆదేశము కూడా అంకె రూపంలో జ్ఞాపకశక్తిలో ఉన్నప్పుడు, ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును చదవగలదు, మార్చగలదు, నకలు తీయగలదు. కంప్యూటరు ఉపయోగము, దాని బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి.

ప్రిన్స్‌టన్‌లో ఈయన ఆధ్వర్యంలో తయారైన యంత్రము 1952లో ప్రారంభమైంది. దాని రూపకల్పన వివరాలను పేటెంటుతో బంధించకుండా ఇతర సంస్థలకు ఉచితంగా పంపారు. వాటి ఆధారంగా అనేక దేశాలలో కంప్యూటర్లు నిర్మించబడ్డాయి. ముంబైలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో 1960లో పని ప్రారంభించిన టిఫ్రాక్ కూడా ఈ కోవకు చెందినదే.

తనను తాను సృష్టించుకునే యంత్రము

1948 సెప్టెంబరులో పాసడెనాలో జరిగిన హిక్సన్ సదస్సులోను, 1949 డిసెంబరులో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోను ఈయన ఈ విషయంపై ఉపన్యసించాడు. ఒక యంత్రము తనంతటి సంక్లిష్టమైన మరొక యంత్రాన్ని తయారు చేయగలదా అన్నది ప్రశ్న. యంత్రముతో పాటు దాని పూర్తి వర్ణన ఉండాలి. ఆ వర్ణనను రెండు విధాలుగా వాడాలి. మొదట దానిని ఆదేశంగా భావించి కొత్త యంత్రాన్ని నిర్మించాలి, పిమ్మట అర్థముతో పని లేకుండా నకలు తీసి కొత్త యంత్రానికి అందించాలి. శ్రుతలేఖనము వ్రాసే విద్యార్థి వాక్యము చెప్పిన పని చేయడు, వాక్యాన్ని వ్రాసుకుంటాడు. ఈ రెండు పనులూ కలిసినప్పుడే పునరుత్పత్తి సాధ్యము. డి.ఎన్.ఏ. నిర్మాణము 1953లో తెలిసిన తరువాత జీవకణాలలోనూ ఇదే ఏర్పాటు ఉన్నట్లు గ్రహించారు.

మిత్రుడు స్టానిస్లా ఉలామ్ సూచనతో ఈ యంత్రాన్ని గళ్ళ రూపంలో ఊహించి, ఒక్కొక్క గడికి 29 స్థితులు కల్పించాడు. ఈ రచన అసంపూర్తిగా మిగిలింది. ఆర్థర్ బర్క్స్ పూర్తిచేసి 1966లో ప్రచురించాడు.

చివరి రోజులు

1955లో అణుశక్తి కమిషన్ సభ్యుడయ్యాడు. ఆ సంవత్సరమే కాన్సర్ వ్యాధి బయటపడింది. 1957 ఫిబ్రవరి 8న వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో 53వ ఏట మరణించాడు.

సిద్ధాంతము నుండి వైరస్ వరకు

వాన్ న్యూమన్ వైరస్ వ్రాయలేదు, హాని తలపెట్టలేదు. 1971లో బాబ్ థామస్ తయారుచేసిన క్రీపర్ అనే ప్రయోగాత్మక ప్రోగ్రాము ఆర్పానెట్‌లో ఒక యంత్రము నుండి మరొక యంత్రానికి వెళ్ళేది. దానిని వెదకి తొలగించడానికి రే టామ్లిన్‌సన్ వ్రాసిన రీపర్‌ను యాంటీవైరస్‌లకు ఆద్యముగా చెబుతారు. 1983లో ఫ్రెడ్ కోహెన్ వైరస్‌లపై ప్రయోగాలు చేసాడు. ఏ ప్రోగ్రామునైనా పరీక్షించి అది వైరస్ అవునో కాదో తప్పులేకుండా తేల్చే ప్రోగ్రాము ఉండదని 1984లో ప్రకటించాడు.

కాబట్టి రుసుము చెల్లించినా, ఉచితంగా పొందినా సంపూర్ణ రక్షణనిచ్చే యాంటీవైరస్ లేదు. తెలిసిన వైరస్‌ల గుర్తుల పట్టికతో పోల్చడము, అనుమానాస్పద ప్రవర్తనను కనిపెట్టడము మాత్రమే చేయగలవు. ఇంటి కంప్యూటరుకు ఉచిత యాంటీవైరస్ ఎంచుకొనేటప్పుడు ధర కంటే పట్టిక నిత్యమూ నవీకరించబడుతున్నదా లేదా అన్నది ముఖ్యము. 2012లో విడుదలైన విండోస్ 8 నుండి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌తోనే లభిస్తున్నది. నిరంతర కాపలా కాసే రెండింటిని ఒకేసారి నడిపితే ఒకదానికొకటి అడ్డుపడతాయి. యాంటీవైరస్‌కు కంప్యూటరులోని ఫైళ్ళన్నీ చదివే అధికారము ఇవ్వవలసి ఉంటుంది గనుక తయారీదారును కూడా పరిశీలించవలసి ఉన్నది. ఉచిత యాంటీవైరస్‌కు పేరుపొందిన అవాస్ట్ సంస్థ వాడుకరుల వెబ్ విహార సమాచారాన్ని విక్రయించిన విషయంలో 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 165 లక్షల డాలర్లు చెల్లించవలసిందిగా ఆదేశించింది.