గాలివానకు బాలశిక్ష వ్రాసిన హెన్రీ పిడింగ్టన్

తూర్పు సముద్రతీరమున పుట్టి పెరిగినవారికి ఆశ్వయుజ కార్తికములు వచ్చినవనిన రెండు తలపులు ఒక్కసారిగా మెదలును. ఒకటి చేతికి రానున్న వరిపంట. రెండవది ఆ పంటను, ఇంటిని, ఒక్కొక్కప్పుడు ఇంటివారిని గూడ తీసికొనిపోగల గాలివాన. ఇప్పుడు తుపాను సముద్రముపై నుండగనే దాని పేరు, అది సాగెడి దారి, తీరము దాటెడి వేళ మనకు తెలియుచున్నవి. కాని రెండువందల సంవత్సరములకు పూర్వము, జీవితమంతయు సముద్రము మీద గడపిన నావికులలో సైతము పెక్కుమందికి తుపాను గుండ్రముగా తిరుగునన్న సంగతి తెలియదు. గాలి ఒక దిక్కున పుట్టి మరియొక దిక్కునకు పోవునని, దానికి వెన్నిచ్చి పరుగెత్తినచో బయటపడవచ్చునని వారు నమ్మిరి. ఆ నమ్మకముతో తుపాను నడిబొడ్డునకు తామే పోయి చేరిన ఓడలు ఎన్నియో కలవు.

ఈ అజ్ఞానమును తొలగించుటకు పాటుపడినవారిలో హెన్రీ పిడింగ్టన్ ముఖ్యుడు. ఆయన ఆంగ్లేయుడు, పెక్కేండ్లు నివసించినది కలకత్తా నగరము. అయినను ఆయన మొట్టమొదట పరిశోధించిన తుపానులలో ఒకటి మన గోదావరి తీరపు కోరంగిని ముంచినది. ఆయన లోకమునకు ఇచ్చినది యంత్రము కాదు, ఆయుధము కాదు, ఒక పుస్తకము. కావున ఒక గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఆయన జీవితమును స్మరించుట సముచితముగా నుండును.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండు దేశమునందలి ససెక్సు మండలములో అక్‌ఫీల్డు అను ఊర జన్మించెను. చిన్ననాటనే వర్తకపు ఓడలలో చేరి, క్రమముగా కప్తానుగా ఎదిగి, హిందూదేశమునకును చైనాకును నడచెడి ఓడలను నడపెను. 1830 ప్రాంతమున సముద్రయానము మాని కలకత్తాలో స్థిరపడెను. ఆయనకు ఒక్క విద్యతో తృప్తి కలుగలేదు. నేలల గుణములు, ఖనిజములు, మొక్కలు అన్నింటిని శ్రద్ధతో పరిశీలించెను. ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు అధికారిగ పనిచేసెను. బెంగాలు ఏషియాటిక్ సొసైటీకి సన్నిహితుడై వ్యాసములు వ్రాసెను. ఓడల ప్రమాదములను విచారించెడి నౌకాన్యాయసభకు అధ్యక్షత వహించెను. మునిగిన ఓడలనుగూర్చి, తప్పించుకొని వచ్చినవారి మాటలనుగూర్చి ఆయనకు గల పరిచయము ఇట్లు నానాటికి పెరుగుచు వచ్చెను.

ఆ కాలమున తుపానుల రహస్యము మెల్లమెల్లగా వెల్లడియగుచుండెను. 1821లో అమెరికాలోని కనెక్టికటు ప్రాంతమున పెనుగాలి వీచినపుడు, గుఱ్ఱపు జీనులు కుట్టి జీవించిన విలియం రెడ్‌ఫీల్డు ఒక వింత గమనించెను. ఒకచోట చెట్లు ఒక దిక్కునకు తలలు పెట్టి పడియుండగా, కొంత దూరమున అవే చెట్లు సరిగా ఎదురుదిక్కునకు పడియుండెను. గాలి సుడి తిరిగిననే తప్ప ఇట్లు జరుగదని ఆయన ఊహించి 1831లో తన అభిప్రాయమును ప్రకటించెను. ఆ సంవత్సరమే బార్బడోసు దీవి తుపానుకు ధ్వంసమైనది. అచ్చట కట్టడములను మరల నిలుపుటకై వెళ్లిన సైనిక ఇంజనీరు విలియం రీడు ఆ ఊహను ఓడల లెక్కలతో పరీక్షించి 1838లో గ్రంథము వెలువరించెను. ఆ గ్రంథము చదివిన పిడింగ్టన్‌కు తాను చేయవలసిన పని ఏదో స్పష్టమయ్యెను. బంగాళాఖాతపు తుపానులు గూడ ఆ నియమమునకు లోబడునో లేదో తేల్చుటకు ఆయన పూనుకొనెను.

ఆయన అవలంబించిన పద్ధతి మిక్కిలి సులభమైనది, మిక్కిలి ఓర్పు కోరునది. ప్రతి ఓడలోను దినచర్య పుస్తకము ఒకటి యుండును. ఏ గంటకు ఓడ ఎచ్చట నున్నది, గాలి ఏ దిక్కునుండి వీచినది, భారమితిలో పాదరసము ఎంత దిగినది అందులో వ్రాసియుందురు. ఒక తుపానులో చిక్కిన ఓడల పుస్తకములను ఆయన సంపాదించును. సముద్రపటము మీద ఒకే వేళకు ఏ ఓడ ఎచ్చట నున్నదో గుర్తించి, అచ్చటి గాలిని ఒక బాణపుగుర్తుతో చూపును. ఒక్క ఓడ పుస్తకము చదివినవానికి కలత తప్ప మరేమియు కనబడదు. పది ఓడల బాణములు కలిసినప్పుడు చక్రము కనబడును. 1839 మొదలు పదునైదు సంవత్సరములకు పైగా ఆయన ఈ పని విడువక చేసి, 20కి పైగా పరిశోధన వ్యాసములను ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించెను.

ఆ వ్యాసములలో రెండవది 1839 నవంబరు నాటి కోరంగి తుపానునకు సంబంధించినది. గోదావరి ముఖద్వారమున కోరంగి ఆ దినములలో పేరెన్నికగన్న రేవు. ఓడలు కట్టుటకును బాగుచేయుటకును ప్రసిద్ధి వహించినది. 1789 డిసెంబరులోనే ఒక ఉప్పెన మూడు మహాతరంగములుగా వచ్చి ఆ ఊరిని కబళించియుండెను. అర్ధశతాబ్ది తరువాత 1839 నవంబరు 25న మరల సముద్రము లేచినది. కోరంగి తన పూర్వవైభవమును మరల పొందలేదు. ఆ యూరి దుఃఖము అచ్చటనే అణగిపోవలసినదే. పిడింగ్టన్ దానిని పటముమీదికి ఎక్కించి, నావికులందరకు ఉపయోగించెడి జ్ఞానముగా మార్చెను.

1845 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ఆయన వాదమునకు తిరుగులేని సాక్ష్యమైనది. చార్లెస్ హెడిల్ అను ఓడ మారిషసు దీవి సమీపమున తుపానులో చిక్కెను. కప్తాను గాలికి వెన్నిచ్చి దినముల తరబడి ఓడను పరుగెత్తించెను. వేయి మైళ్లకు పైగా పరుగెత్తిన పిమ్మట చూచుకొనగా, బయలుదేరిన చోటికి కొన్ని వందల మైళ్ల దూరములోనే ఓడ యుండెను! దాని దినచర్య పుస్తకమును పిడింగ్టన్ పరిశీలింపగా, ఆ ఓడ తుపాను కేంద్రముచుట్టు అయిదుసార్లు తిరిగినట్లు తేలినది. గానుగెద్దువలె తిరుగుచు తాను ముందుకు పోవుచున్నానని ఆ కప్తాను తలచియుండెను.

ఇట్లు తిరిగెడి గాలికి ఆయన ఒక క్రొత్త పేరు పెట్టెను. గ్రీకు భాషలో చక్రమను అర్థము, పాముచుట్ట అను అర్థము గల పదమునుండి సైక్లోన్ అను మాటను కల్పించి 1848లో ప్రకటించిన తన గ్రంథములో ప్రవేశపెట్టెను. నేడు ఆ మాట ప్రపంచమంతట వ్యాపించినది. మన భాషలోని వాయుగుండమను మాటలో గూడ ఆ గుండ్రదనమే యున్నది.

ఆ గ్రంథమునకు ఆయన పెట్టిన పేరు గమనింపదగినది. ఆంగ్లదేశములో పూర్వము పసిపిల్లలకు అక్షరములు నేర్పుటకు చెక్కపై ఒక కాగితమంటించి, అది మాయకుండ పలుచని పారదర్శకమైన కొమ్ముఱేకు కప్పి ఇచ్చెడివారు. దానినే కొమ్ముపుస్తకమనిరి. మన పెద్దబాలశిక్ష వంటిదే యది. పిడింగ్టన్ తన గ్రంథమును నావికుల కొమ్ముపుస్తకమని పిలిచెను. పండితులకొరకు కాక, పెద్ద చదువు లేని ఓడవానికొరకు తాను వ్రాసితినని ఆ పేరే చెప్పుచున్నది. గ్రంథముతోపాటు నిజముగానే రెండు కొమ్ముఱేకులు గూడ ఇచ్చెను. వాటిపై వలయములు, గాలి దిక్కులు గీయబడియుండెను. భూమధ్యరేఖకు ఉత్తరమున తుపాను గాలి అప్రదక్షిణముగాను, దక్షిణమున ప్రదక్షిణముగాను తిరుగును గనుక ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క ఱేకు. నావికుడు తనకు వీచుచున్న గాలి ఱేకుమీది గాలితో సరిపడునట్లు పటముపై ఆ ఱేకును ఉంచినచో, మృత్యువు వంటి ఆ కేంద్రము ఏ వైపున నున్నదో కంటికి కనబడును. అప్పుడు ఏ దిక్కునకు ఓడను త్రిప్పవలెనో అతడే నిశ్చయించుకొనగలడు.

ఈ నియమము ఓడవానికే గాక ఒడ్డువానికి గూడ వర్తించును. మన ప్రాంతమున తుపాను గాలికి ఎదురుగా నిలిచినచో కేంద్రము సుమారుగా మన కుడిచేతివైపున నుండును. తుపాను తూర్పునుండి వచ్చి తీరము దాటునపుడు కేంద్రమునకు ఉత్తరమున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచి నీటిని త్రోసికొనివచ్చును. ఉప్పెన ఆ వైపుననే అధికము. కేంద్రమే మన ఊరిమీదుగా పోయినచో గాలి హఠాత్తుగా ఆగి, ఆకాశము తేటపడి, అంతయు ముగిసినట్లే తోచును. అది ముగియుట కాదు, సగము మాత్రమే. తుపాను కన్ను దాటిన పిమ్మట ఎదురుదిక్కునుండి అంతే బలముతో గాలి వీచును. ఆ నడిమి నిశ్శబ్దమును నమ్మి పశువులను వెదకుటకు, ఇంటికప్పు చూచుకొనుటకు బయటికి వచ్చినవారే ఎక్కువగా ఆపదల పాలగుదురు.

పిడింగ్టన్ జీవితములో మిక్కిలి విచారకరమైన ఘట్టము ఆయన వ్రాసిన ఒక లేఖకు సంబంధించినది. హుగ్లీనది పూడుకొనిపోవునను భయముతో ఆనాటి పాలకులు సుందరవనములలో మాతలానది ఒడ్డున క్రొత్త రేవును నిర్మింప సంకల్పించిరి. అచ్చటి నేల పల్లము, సముద్రము సమీపము. 1853లో పిడింగ్టన్ గవర్నరు జనరలైన డల్‌హౌసీ ప్రభువునకు బహిరంగముగా ఒక లేఖ వ్రాసి అచ్చువేయించెను. తుపానుతోపాటు ఉప్పెన వచ్చునని, అది ఆ పట్టణమును అయిదు మొదలు పదునైదు అడుగుల లోతున ముంచునని, ఆ దినము రాక తప్పదని అందులో హెచ్చరించెను. పాలకులు ఆ మాటను పాటింపలేదు. రేవు నిర్మాణము సాగినది. ఇనుపదారి గూడ వేసిరి. ఆ పట్టణమునకు కానింగు ప్రభువు పేరు పెట్టిరి. తన మాట నిజమగుటను చూడకయే పిడింగ్టన్ 1858 ఏప్రిల్ 7న కన్నుమూసెను.

ఆయన పోయిన ఆఱు సంవత్సరములకు, 1864 అక్టోబరు 5న, కలకత్తాను మహా తుపాను తాకినది. హుగ్లీలోని ఓడలు ఒడ్డున పడి బ్రద్దలైనవి. వేలకొలది జనులు ఉప్పెనలో మునిగిరి. మరుసటి నెలలోనే మన మచిలీపట్నమును ఉప్పెన ముంచగా సుమారు 30,000 మంది మరణించిరి. 1867 నవంబరులో తుపాను కానింగు రేవుమీదికి వచ్చినది. ఉప్పెన ఎత్తు ఆఱడుగులే అయినను రేవు పాడయ్యెను. కొలది యేండ్లకే దానిని విడిచిపెట్టిరి. 1864 నాటి దెబ్బల పిదపనే పాలకుల కన్నులు తెరువబడినవి. 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగినది. 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడినది.

పిడింగ్టన్ చెప్పినదంతయు నిలిచినదని చెప్పరాదు. తుపానులకు విద్యుచ్ఛక్తియే కారణమని ఆయన భావించెను. అది సరికాదని తేలినది. వెచ్చని సముద్రజలము ఆవిరియై పైకి లేచి, చల్లబడి మేఘమగునపుడు విడుదలయగు వేడియే తుపానునకు బలమని నేడు మనకు తెలియును. గాలి సరిగా వలయాకారమున గాక లోపలికి మొగ్గుచు తిరుగునని గూడ తరువాతివారు సవరించిరి. అయినను ఆయన చూపిన మార్గము చెడలేదు. ఆయన గ్రంథము మరణానంతరము గూడ పునర్ముద్రణలు పొందినది.

గమనింపవలసినది మరియొకటి కలదు. ఆయన వ్రాసినవి రెండు. ప్రభువునకు వ్రాసిన లేఖ వినబడలేదు. సామాన్య నావికునికి వ్రాసిన బాలశిక్ష చేతులు మారుచు ఓడలను కాపాడినది. జ్ఞానము ఎవరి ప్రాణము అపాయములో నున్నదో వారి చేతికి చేరవలెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో అంతటి తీవ్రమైన తుపానే కృష్ణాతీరమును తాకినపుడు లక్షలాది జనులను ముందుగనే తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచినది. ప్రకృతి మారలేదు. హెచ్చరిక జనులకు చేరినది. జనులు దానిని విని కదలిరి.

గ్రంథాలయమనగా పుస్తకములు బీరువాలలో భద్రపరచెడి తావు మాత్రమే కాదు. ప్రతి సంవత్సరము ఆశ్వయుజమునకు పూర్వము ఒక సాయంకాలము గ్రామస్థులు గ్రంథాలయములో కూడి, ఉప్పెన వచ్చినపుడు ఏ మిట్టకు పోవలెను, ముసలివారిని, పసివారిని ఎవరు తీసికొనిపోవలెను అను విషయములు చదివి ముచ్చటించుకొనిన బాగుండును. పూర్వపు తుపానులను చూచిన పెద్దలు మన మధ్య ఇంకను ఉన్నారు. మొదట గాలి ఏ దిక్కునుండి లేచినది, తరువాత ఎటు మళ్లినది, నీరు ఏ ఇంటి అరుగువరకు వచ్చినది, ఎచ్చట ఆగినది అని వారినడిగి ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. ఒక్కరి జ్ఞాపకము ఒక్క ఓడ పుస్తకము వంటిది. పదిమంది జ్ఞాపకములను ఒక్కచోట చేర్చినచో మన ఊరి పటము మనకే కనబడును. పిడింగ్టన్ ఋణమును మనవంటి తీరవాసులు తీర్చుకొనుటకు ఇంతకంటె మంచి మార్గము లేదు.